అరవయ్యో గీత

ఆ రోజు కడగాల్సిన ఆడవాళ్లు నలుగురు. మూడో ఆమెను బల్ల మీంచి దించుతుండగా వాచ్‌మన్ తలుపు సందులోంచి తల పెట్టాడు.

"ఆయమ్మా, మీ ఆడపడుచంట. గేటు దగ్గర ముడుచుకుని కూర్చుంది. వాంతి కూడా చేసుకుంది. నేను కడగను, ముందే చెప్తున్నా."

"నువ్వెందుకు కడుగుతావులేవయ్యా! మీ అందరివీ కడగడానికేగా నేను పుట్టింది," అంది ఆయా. చేతిలోని గాజు సీసాను ట్రేలో పెట్టి కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఎక్కడికి?" అంది పెద్ద సిస్టర్. "నాలుగో ఆమెను ఎక్కించాక వెళ్లు. ఇంటి గొడవలు థియేటర్లోకి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంటి గొడవ కాదు సిస్టర్. మనం కడిగిన మనిషే."

గ్లవ్స్ లాగుతున్న పెద్ద సిస్టర్ చెయ్యి ఆగింది.

ఆ ఆసుపత్రికి పిల్లలు పుట్టని డబ్బున్నవాళ్లు ముందు గుమ్మంలోంచి వస్తారు. ఈ ఆడవాళ్లు వెనక గుమ్మంలోంచి వస్తారు. వెనక జరిగేదాన్ని డాక్టరుగారు పరిశోధన అంటాడు, ఆడవాళ్లు కడుగుడు అంటారు. ఒక్క గుడ్డు పండాల్సిన చోట పది పండటానికి పది రోజులు పొట్టకి సూదులు వేస్తారు. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని మగవాడి బీజాన్ని గొట్టంతో లోపలికి ఎక్కిస్తారు. ఐదు రోజులు ఆగి, కట్టిన పిండాలు గర్భసంచి గోడకి అంటుకోకముందే మందునీళ్లు పోసి కడిగి, వాటిని బయటికి లాగుతారు. గాజుపళ్లెంలో కట్టించిన పిండం కన్నా మనిషి కడుపులో కట్టిన పిండం గట్టిదా కాదా అన్నది తేల్చాలట. తేలితే ముందు గుమ్మం వాళ్లకి మేలు. తేలేదాకా వెనక గుమ్మం వాళ్ల కడుపులు ఉండనే ఉన్నాయి, కుండలకి కొదవా?

దీనికి ఒక్కొక్కరికి ఎనిమిది వేలు ఇస్తారు. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆయా ఆడపడుచుకి నెలంతా వంగి కుట్టినా ఏడు వేలు రావు. మొగుడు వదిలేసి పోయి రెండేళ్లయింది. మొన్న ఫ్యాక్టరీవాళ్లు కాలరుకి ఇచ్చే రెండు రూపాయల్ని ఒకటిన్నర చేశారు. అప్పుడు ఆయానే చెప్పింది, "ఏముందే, కడుగుడే కదా. మూడు వారాలు ఓపిక పడితే ఎనిమిది వేలు. నేను పక్కనే ఉంటాను," అని. మనిషిని తెచ్చినందుకు ఆసుపత్రి ఇచ్చే ఐదొందలు కూడా తీసుకుంది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

గేటు పక్క సిమెంటు గట్టుకి ఆనుకుని కూర్చుంది ఆడపడుచు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. కుడిచేత్తో పొత్తికడుపు నొక్కిపట్టుకుంది.

"ఏమైందే?"

"మిషను మీద ఉండగా పొడిచినట్టు వచ్చింది వదినా. కుడి పక్క. కళ్లు తిరిగి పడిపోయాను. సూపర్‌వైజరు మొహాన నీళ్లు కొట్టి, సగం రోజు కూలి కోసి పంపించాడు."

"నెల వచ్చిందా?"

"కడిగాక మీ మాత్రలకి కొంచెం కనిపించింది. అంతే. మళ్లీ లేదు. అలసటేమో అనుకున్నా." గుక్క తిప్పుకుంది. "భుజం కూడా లాగేస్తోందేంటి వదినా? కడుపులో నొప్పైతే భుజానికేంటి?"

ఇక్కడికి రాకముందు ఆయా కాన్పుల ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు చేసింది. కడుపులో రక్తం కారితే భుజం లాగుతుందని, గర్భం సంచిలో కాక పక్క ట్యూబులో కడితే అది పగులుతుందని డాక్టర్లు చెప్పుకుంటుంటే బోలెడుసార్లు విన్నది. కడిగి సరిగ్గా నలభై రోజులు. ఆ రోజు సీసాలోకి ఎన్ని నీళ్లు తిరిగొచ్చాయో ఈ లోకంలో ఆమెకే తెలుసు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. లోపలికి అరవై గీతల దాకా నీళ్లు పోస్తారు, తిరిగి వచ్చినవి గీతల సీసాలో పడతాయి. ఆయా ఆ సీసాను ఎత్తి, గీత చూసి, అంకె పైకి చెప్పాలి. పెద్ద సిస్టర్ రాసుకుంటుంది. యాభై అయిదుకి తక్కువ వస్తే ఆ మనిషిని లెక్కలోంచి తీసేస్తారు, చేతిలో నాలుగు వేలే పెడతారు. ఎందుకు తీసేస్తారో ఆయాలకి ఎవరూ చెప్పలేదు. నీళ్లు తగ్గాయంటే అవి ట్యూబుల్లోకి పోయి ఉండొచ్చని, పిండాన్ని కూడా తోసుకుపోయి ఉండొచ్చని, ఆ మనిషికి వేరే ఇంజెక్షను ఇచ్చి కనిపెట్టుకుని ఉండాలని కాగితాల్లో ఉంది. ఆయాలకి చెబితే వాళ్లు కూడా మనుషులైపోతారు మరి!

ఆయాలు తమకు తోచిన అర్థం తాము చేసుకున్నారు. నీళ్లు బల్ల మీద ఒలికినందుకు పేదదాని డబ్బు కోసేస్తున్నారు, ఇదెక్కడి అన్యాయం అనుకున్నారు. కాలరుకి అర్ధరూపాయి కోసేవాళ్లని చూసినవాళ్లు ఇంకేం అనుకుంటారు? అందుకని నీళ్లు తగ్గినప్పుడల్లా సెలైన్ సిరంజి తీసుకుని చడీచప్పుడు లేకుండా అరవయ్యో గీత దాకా నింపేవాళ్లు. ఆ ఒక్క నిమిషం పెద్ద సిస్టర్ గోడ గడియారం చూస్తూ ఉండేది. దొరల్ని మోసం చేసి మనవాళ్లకి నాలుగు వేలు ఇప్పిస్తున్నాం అని ఆయాలు బట్టలు మార్చుకునే గదిలో నవ్వుకునేవాళ్లు. ఆడపడుచుకి నలభై మూడే వచ్చాయి. పదిహేడు గీతలు వదినగారే స్వయంగా నింపింది, సంతోషంగా నింపింది.

"లే. లోపలికి పోదాం," అంది ఆయా, ఆమె చంక కింద చెయ్యి వేసి.

డాక్టరు గదిలో చల్లగా ఉంది. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేవదు. పనివాళ్లని కూడా అమ్మా అనే పిలుస్తాడు. అది చూసే ఆయా అయిదేళ్లుగా ఆయన్ని దేవుడనుకుంది. ఆయన ఆడపడుచును బల్ల మీద పడుకోబెట్టి కడుపు మీద రెండు వేళ్లు పెట్టాడు. ఆమె కేక పెట్టగానే చెయ్యి తీసేశాడు. పక్కనే స్కానింగ్ మిషను ఉంది. దాని వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"స్కాను చేయరా సార్?" అంది ఆయా.

"మన దగ్గర వద్దమ్మా." కుర్చీలో కూర్చుని ఫైలు తిప్పాడు. "కడిగినప్పుడు అరవైకి అరవై వచ్చాయి. పదిహేనో రోజు మూత్ర పరీక్ష చేశాం, గర్భం లేదని వచ్చింది. ఫైలు మూసేశాం. ఇప్పుడేదన్నా ఉంటే అది మనకి సంబంధించింది కాదు."

"పదిహేనో రోజా?" అంది ఆడపడుచు పళ్ల బిగువున. "ఆ రోజు నేను రాలేదు సార్. ఫ్యాక్టరీలో సెలవివ్వలేదు. తర్వాత రమ్మని కూడా ఎవరూ అనలేదు."

డాక్టరు ఆ మాట వినలేదు. వినకుండా ఉండటం కూడా ఒక చదువే కాబోలు. సొరుగులోంచి కాగితం తీసి ఆయా ముందుకు జరిపాడు. ఆయా ఏడో తరగతి చదివింది, కూడబలుక్కుని చదివింది. కడిగిన తర్వాత, వద్దన్న రోజుల్లో తాను మగవాడితో కలిశానని, ఇప్పటి గర్భానికి ఆసుపత్రి పూచీ లేదని ఆడపడుచు చెప్పినట్టు రాసి ఉంది. కింద రెండు గీతలున్నాయి, ఒకటి ఆమెకి, ఒకటి సాక్షికి. ఇంత నొప్పిలో మనిషి బయట కూర్చుంటే ఈ కాగితం ఎప్పుడు టైపు చేయించాడు? అప్పుడర్థమైంది ఆయాకి. ఇది ఇవాళ టైపు చేసింది కాదు. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. ఇలాంటి కాగితాలు ఆ సొరుగులో దొంతరగా ఉన్నాయి.

"రెండు సంతకాలు పెట్టండి," అన్నాడు డాక్టరు. "నా కారులోనే పంపిస్తాను. తెలిసిన నర్సింగ్ హోం ఉంది. ఆపరేషను, మందులు, అన్నీ నేనే చూసుకుంటాను. ఆలస్యం చేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు. అది మీకు తెలియనిది కాదు కదా?"

ఆయా పెన్ను అందుకుంది. అవును, అందుకుంది. దాచడమెందుకు? బతికి బట్టకడితే పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. పైగా సంతకం పెడితే ఆ పదిహేడు గీతలు కూడా ఎప్పటికీ ఎవరికీ తెలియవు. ఆ ఆలోచన వచ్చినందుకు తనని తానే తిట్టుకుంది. అయినా పెన్ను వదల్లేదు.

"ఏ మగాడు వదినా?"

ఆడపడుచు బల్ల మీద పక్కకి ఒత్తిగిల్లి చూస్తోంది.

"చెప్పు, ఏ మగాడితో కలిశానని సాక్షి సంతకం పెడతావు? రాత్రి నా పక్కన పడుకునేది నా కూతురు. ఇది అన్నయ్య చేతిలో పడితే నన్ను గుమ్మం తొక్కనిస్తాడా? నా పిల్లకి ఏం చెప్పుకోను? ఒకవేళ నేను పోతే, మీ అమ్మ ఇలా పోయిందని దానికి చెప్తావా నువ్వు?"

"ఊరుకోమ్మా, ఆవేశం మంచిది కాదు," అన్నాడు డాక్టరు.

"నువ్వు నమ్ముతున్నావా వదినా? నిజంగా నమ్మే పెడుతున్నావా?"

ఆయా పెన్ను బల్ల మీద పెట్టి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"మగాడెవడూ లేడే," అంది. "నేనున్నాను. ఆ రోజు నీకు అరవై పోస్తే నలభై మూడే తిరిగొచ్చాయి. మిగతావి నేను సెలైన్ పోసి నింపాను. సగం డబ్బులే ఇస్తారని. నీకు మేలు చేస్తున్నాననుకున్నానే తల్లీ, మేలే చేస్తున్నాననుకున్నాను."

ఆడపడుచు తిట్టలేదు. ఏడవలేదు. వదిన చేతిలో ఉన్న తన చేతిని మెల్లగా లాక్కుంది.

డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. అయిదేళ్లలో మొదటిసారి ఆయన గొంతు లేచింది. "ఏం మాట్లాడుతున్నావో తెలుసా? రికార్డు మార్చడం నేరం. నువ్వు జైలుకెళ్తావు. ఈ పరిశోధన మొత్తం పాడైపోతుంది. రేపు డబ్బిచ్చే కంపెనీవాళ్లు వస్తున్నారు, తెలుసా నీకు?"

"వెళ్తానండి, జైలుకే వెళ్తాను. మార్చమని మీరు చెప్పలేదు, నిజమే. మార్చుతుంటే ఆపిందీ లేదు. కడిగిన అరవై ఒక్క మందికీ అరవైకి అరవై తిరిగొస్తుంటే మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా సార్? ఉతికిన చీర ఎంత పిండినా పోసిన నీళ్లన్నీ తిరిగి బకెట్లోకి రావు. ఏడో తరగతి చదివినదాన్ని, నాకే తెలుసు. మీకు తెలీదా?"

డాక్టరు ఫైలు సొరుగులో పడేసి తాళం తిప్పాడు. ఆ తాళం చప్పుడే ఆయన జవాబు.

ఆయా ఆ టైపు కాగితాన్ని తిరగేసింది. వెనక తెల్లగా ఉంది. పెద్దపెద్ద అక్షరాలతో, తప్పులతో రాసింది. ఏ రోజున కడిగారు, ఎన్ని పోశారు, ఎన్ని వచ్చాయి, తాను ఎన్ని కలిపింది, పదిహేనో రోజున పరీక్ష జరగలేదని కూడా. కింద సంతకం పెట్టి, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఆ కాగితం ఇటివ్వు," అన్నాడు డాక్టరు.

"ఇవ్వనండి."

అంతే అంది. ఇంట్లో గానీ, ఈ పనిలో గానీ, పుట్టిన దగ్గర్నుంచి ఎవరితోనూ ఆ మాట అని ఎరగదు. అలవాటు కొద్దీ వెనక 'అండి' మాత్రం వచ్చేసింది.

గుమ్మంలో పెద్ద సిస్టర్ అడ్డంగా నిలబడి ఉంది. "పిచ్చిదానివా? తొమ్మిది వేల ఉద్యోగం ఈ వయసులో మళ్లీ ఎవరిస్తారు నీకు? అందరం పోతాం, నీతో పాటు నేను కూడా పోతాను."

"తప్పుకోండి సిస్టర్. పిల్ల చల్లబడిపోతోంది."

పెద్ద సిస్టర్ ఆడపడుచు మొహం చూసింది. తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, వాచ్‌మన్‌ని కేకేసి ఆటో పిలిపించింది. అంతవరకే ఆమె ధైర్యం.

ఆటోవాడు నూట యాభై అన్నాడు, ఎవరూ బేరమాడలేదు. ఆడపడుచు తల ఒళ్లో పెట్టుకోబోతే ఆమె ఇటు రాకుండా అవతలి కమ్మీకి ఆనుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా మూలిగేది. సగం దారిలో కళ్లు మూసుకునే అడిగింది.

"నన్ను తెచ్చినందుకు నీకేమన్నా ఇచ్చారా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

"ఐదొందలు ఇచ్చారు."

"తీసుకున్నావా?"

"తీసుకున్నా."

"ఏం చేశావు?"

"గ్యాసు బండకి కలిపాను."

ఆడపడుచు నవ్విందో, నొప్పికి మొహం వంకర పోయిందో తెలియలేదు. "ఆ గ్యాసు మీదేగా ఆ రోజు అన్నయ్యకి చేపల పులుసు వండావు. నేనూ తిన్నాను," అంది. ఆయా పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడిస్తే ఎవరికి కావాలి? ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది, మళ్లీ కదిలింది.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో మంచానికి ఇద్దరు. డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు చిన్నపిల్ల, కళ్ల కింద నల్లటి చారలు. కనురెప్ప లాగి చూసింది, నాడి పట్టుకుంది. ఆయా ఇచ్చిన కాగితం నిలబడే చదివింది. చదువుతుండగానే నర్సుకి చెప్పింది, రక్తం తెప్పించమని, థియేటర్ ఖాళీ చేయించమని. "కాగితం తేకపోతే కడుపునొప్పని సెలైన్ పెట్టి లైన్లో కూర్చోబెట్టేవాళ్లం," అంది ఎటో చూస్తూ. "ట్యూబు పగిలింది. లోపల రక్తం నిండిపోతోంది. ఆపరేషన్‌కి సంతకం కావాలి. నువ్వేమవుతావు?"

"వదినని."

"ఆవిడ సంతకం వద్దు," అంది స్ట్రెచర్ మీంచి ఆడపడుచు. గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. "నాది నేనే పెట్టుకుంటా."

పడుకునే పెట్టింది. ఆఖరి అక్షరం కాగితం దాటి దుప్పటి మీదికి పోయింది. స్ట్రెచర్ కదిలింది. ఆయా నాలుగడుగులు వెంట పోయి ఆగిపోయింది. రమ్మని ఆడపడుచు అనలేదు, వద్దని కూడా అనలేదు. స్వింగు తలుపులు రెండు మూడుసార్లు కొట్టుకుని ఆగాయి.

చాలాసేపటికి ఆ లేడీ డాక్టరు బయటికి వచ్చింది. లోపల ఇంకా పెద్ద డాక్టర్లు చేస్తున్నారని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని అంది. ఆయా పక్కన బెంచీ మీద తనూ కూర్చుని, ఆ కాగితాన్ని మోకాలి మీద సాపు చేసింది.

"ఇది పోలీసులకి ఇవ్వక తప్పదు. ముందు నీ మీదే పడతారు. తెలుసా?"

"తెలుసమ్మా."

"ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈమెకి ఒక్కదానికే నింపావా?"

ఆయా తల అడ్డంగా ఊపింది.

"మరెంతమందికి?"

ఆయా ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, చిటికెనవేలి మొదటి కణుపు మీద బొటనవేలు ఆనించింది. పెదవులు కదులుతున్నాయి. బొటనవేలు కణుపు మీంచి కణుపు మీదికి జరిగి, నాలుగు వేళ్లూ అయిపోయి, కుడిచేతికి మారింది. అక్కడ కూడా మూడు కణుపులు దాటింది.

"అంకె చెప్పకు," అంది డాక్టరు. ఆమె మొహంలో అలసట పోయి కోపం వచ్చింది. ఆ కాగితం మీద ఇంకో కాగితం పెట్టుకుని పెన్ను మూత పీకింది. "అంకె నాకెందుకు? ఎవరెవరో చెప్పు. ఎక్కడుంటారో చెప్పు. కడిగి ఎన్ని రోజులైందో చెప్పు. ఇవాళే మనుషుల్ని పంపాలి."

ఆయా మళ్లీ చిటికెనవేలి దగ్గరికి వచ్చింది.

"మొదటామె కాలువ గట్టు మీద ఉంటుందమ్మా. గాజుల బండి. ఇద్దరు ఆడపిల్లలు," అంది. "ఆమెకి యాభై ఒకటి వచ్చాయి. కడిగి పద్దెనిమిది రోజులైంది."

డాక్టరు రాసుకుంది. బొటనవేలు రెండో కణుపు మీదికి జరిగింది.